తువ్వాల కింద తెగిన దూరం

కామారెడ్డి గంజిలో, అంటే టోకు బజారులో, మా దుకాణం. సబ్బులు, అగ్గిపెట్టెలు, చాయ్‌పత్తి, చింతపండు, ఎండు మిరపకాయలు టోకున అమ్మేవాళ్లం. బేరం లేకుండా మా ఇంట్లో ఏ పనీ తెమిలేది కాదు. డాక్టరు వారానికి మందులు రాస్తే మా బాపు, "సగం రోజులకు రాయిండ్రి. తగ్గకుంటే మేమేడికి పోతం" అనేవాడు. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్లు పిల్లవాడికి ఇరవై ఆరేళ్లు అంటే, మా అమ్మ అలవాటు కొద్దీ ఇరవై నాలుగుకు అడిగేది.

మా శాస్త్రం చాలా చిన్నది. అవతలివాడు చెప్పిన ధర విని నవ్వాలి. సగానికి అడగాలి. అప్పుడతను నవ్వుతాడు. తర్వాత అతను కొంత దిగుతాడు, మనం కొంత ఎక్కుతాం, నడుమ ఎక్కడో ఇద్దరం కలుస్తాం. ఆ కలిసిన చోటే న్యాయం ఉంటుందని మా నమ్మకం. ఆ నమ్మకం మీదే నేనొక గుర్రాన్ని కొన్నాను. ఆ నమ్మకం మీదే ఒక జీపుకు ఒక కన్ను పోగొట్టాను.

ఎనభైల తొలి రోజులవి. మా బాపు నాకు ఎల్లారెడ్డి లైను అప్పజెప్పాడు. లైను అంటే పెద్ద పదవేమీ కాదు. ఎల్లారెడ్డిలో ఒక గది కిరాయికి తీసుకోవాలి. చుట్టూ ఉన్న ఊళ్లలోని చిన్న దుకాణాలకు వారం వారం తిరిగి, ఎవరికేం కావాలో కనుక్కోవాలి. కామారెడ్డి నుంచి సరుకు తెప్పించి వాళ్లకు చేర్చాలి. అప్పజెప్పేటప్పుడు మా బాపు కళ్లద్దాలు కూడా తీయలేదు.

"దసరా దాంక చూస్త. నడిస్తే లైను నీది. నడువకుంటే వచ్చి అన్న పక్కన కూసొని మిరపకాయలు జోకు."

మిరపకాయలు తూచడం నాకు కష్టం కాదు. అన్న పక్కన కూర్చోవడమే కష్టం. నాకు మీసాలు వచ్చి ఏళ్లయినా, గిరాకీల ముందు ఆయన నన్ను "చిన్నోడా, జర పక్కకు జరుగు" అని పిలిచేవాడు. అసలు నేను కూర్చున్న చోట జరగడానికి పక్క అనేది ఉండేది కాదు. ఒకవైపు ఆయన, ఇంకోవైపు మిరపకాయల బస్తా. కాబట్టి ఎల్లారెడ్డి లైను అంటే నాకు దుకాణం కాదు, దేశం.

ఆ దేశం మొదటి నెలలోనే నన్ను ఓడించింది. ఊళ్లకు పోయే బాటల నిండా తుమ్మముళ్లు. సైకిల్ మీద నేను పోయిన దూరం కంటే సైకిల్‌ను నేను మోసిన దూరం ఎక్కువ. మోపెడ్ కొందామంటే మా బాపు దాని ధర విని నవ్వలేదు కూడా. నవ్వకపోవడం మా ఇంట్లో చివరి మాట. అప్పుడే నాకు గుర్రం ఆలోచన వచ్చింది. పంక్చర్ కాదు. పెట్రోలు తాగదు. దారిలో ఎవరి చేను గట్టునైనా దాని భోజనం అయిపోతుంది.

ఎల్లారెడ్డిలో ఒక ముసలి సాయిబు దగ్గర ఒక ఆడ గుర్రం ఉండేది. ముప్పై ఏళ్లు జట్కా తోలిన మనిషి. ఆయన కొడుకు మస్కట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చి, ఊళ్ల మధ్య మనుషులను తిప్పడానికి ఒక పాత జీపు కొన్నాడు. జీపు దిగిన నాటి నుంచి జట్కా ఎక్కేవాడు లేడు. గుర్రం కొట్టంలో ఇప్పుడు జీపు నిలుస్తోంది. గుర్రాన్ని బయట వాకిట్లో కట్టేశారు. కొడుకు జీపు తుడుస్తుంటే అది చెవులు వెనక్కు పెట్టి చూసేది.

నేను పోయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, పెదవి విరిచాను.

"చాచా, గింత ధర చెప్తున్నవు. దీనికి పండ్లన్న ఉన్నయా?"

"నీకన్న ఎక్కువనే ఉన్నయి సేట్. చెయ్యి పెట్టి చూడు."

నేను చెయ్యి పెట్టలేదు. బదులుగా మా గంజి పద్ధతిలో మూటను విప్పడం మొదలుపెట్టాను. ఆయన గుర్రం, జీను, కళ్లెం, గంతలు అన్నీ కలిపి ఒక ధర చెప్పాడు. జట్కా గుర్రాల కళ్లకు రెండు పక్కలా కట్టే తోలు ముక్కలే గంతలు. వాటితో గుర్రానికి ముందున్న బాట తప్ప ఇంకేమీ కనబడదు. వాటి మీద నా చూపు పడింది. కావలసిన సరుకుతో అక్కరలేని సరుకు అంటగట్టడం మేమూ చేసే పనే గదా.

"గంతలు నాకెందుకు? నేను జట్కా తోలుతనా? అవి తీసెయ్యి, ధర తగ్గియ్యి."

"గంతలు లేకుంటే ఇది మోటర్లను చూస్తది సేట్."

"చూడనియ్యి. చూస్తే ఏం పోతది?"

ఆయన నా మొహం కేసి కొంతసేపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. గిరాకీ ఏదైనా వద్దంటే అతన్ని భయపెట్టడానికి మా అన్న కూడా అట్లాగే చూసేవాడు. అందుకే నేను మెత్తబడలేదు. ఆయన సరేనన్నాడు. చాలా తొందరగా సరేనన్నాడు. మా వంశంలో పుట్టినవాడెవడైనా అక్కడే అనుమానపడాలి. నేను మాత్రం లోలోపల మురిసిపోయి, కొన్న గుర్రం ఎక్కడం రాక దాన్ని నడిపించుకుంటూ గదికి చేరాను.

ఎక్కడం వచ్చాక ఊళ్లలో నా పరపతి పెరిగింది. సైకిల్ మీద పోయినప్పుడు "రేపు రా సేటూ" అన్నవాళ్లే గుర్రం దిగేసరికి లేచి నిలబడేవాళ్లు. ఒక ఊళ్లో ఒక అవ్వ నన్ను చూడగానే మేకను లోపల కట్టేసి తలుపు పెట్టుకుంది. ఆమె చిన్నతనంలో గుర్రం మీద ఊళ్లోకి వచ్చినవాడెవడూ ఏం కావాలని అడగడానికి రాలేదట, పట్టుకుపోవడానికే వచ్చాడట. సబ్బులు అమ్మడానికి వచ్చానని నేను అరుగు కింద నిలబడి ఎంతసేపు చెప్పినా తలుపు తీయలేదు. అయినా లెక్కకు లైను నడుస్తోంది. సరుకు కామారెడ్డి నుంచి బస్సు మీద ఎల్లారెడ్డికి, అక్కడి నుంచి జీపుల మీద ఊళ్లకు పోయేది. నేను గుర్రం మీద, నా మూటలు జీపు మీద. ఈ రెండూ ఒకే రోడ్డు మీద కలుస్తాయన్న సంగతి నాకు తట్టలేదు.

అడవి బాటల్లో గుర్రం బంగారంలాగా నడిచేది. తారు రోడ్డు ఎక్కిన రోజున అసలు కథ తెలిసింది. వెనక నుంచి ఆ ముసలాయన కొడుకు జీపు తోలుకుంటూ వచ్చాడు. లోపల పట్టినంతమంది, వెనకాల వేలాడినంతమంది. మర్యాదగా హారన్ కొట్టాడు. గంతలు కట్టుకుని ఆ చప్పుడు ఎన్నోసార్లు విన్నదే గాని, ఆ చప్పుడు చేస్తూ మీదికి ఉరికి వచ్చేదాన్ని గుర్రం ఎప్పుడూ కళ్లతో చూడలేదు. తల తిప్పింది. చూసింది. తర్వాత నేను మక్కచేనులో ఉన్నాను. జీపు అవతలి మడిలో ఉంది. ఒకామె గంపలోని కోళ్లు మడిలో తలో దిక్కు పోతుంటే జీపులోని జనమంతా బురదలో వాటి వెంట పడ్డారు.

"సేట్, గుర్రాన్ని పట్టుకోవాలె గద" అన్నాడు డ్రైవరు, మోకాళ్ల దాకా బురదతో.

"నువ్వు హారన్ ఎందుకు కొట్టినవు?"

"కొట్టకుంటే జీపు వస్తుందని దానికెట్ల తెలుస్తది?"

"తెలిసిందే మన కొంప ముంచింది భాయ్."

సాయంత్రం కుంటుకుంటూ ముసలాయన దగ్గరికి పోయి, ఆ గంతలు ఇమ్మన్నాను. ధర కూడా అడగకుండా ఇమ్మన్నాను. నా స్థితి ఎంత దిగజారిందో దీన్నిబట్టి తెలుస్తుంది.

"ఏడున్నయి సేట్? జీపు సీటు చిరిగితే అతుకేయించిన."

"మరి ఇప్పుడెట్ల?"

"నేనొకటి చెప్తా విను. మోటరంటే దానికి భయం కాదు, కోపం. దాని కొట్టం జీపుకిచ్చినం గద. నువ్వు రోజూ దాని చెవుల జీపును తిట్టు. చల్లబడ్తది. ఉర్దూల తిట్టు. తెలుగు దానికి రాదు."

వారం రోజులు తిట్టాను. నాకు ఉర్దూలో మంచి పట్టు దొరికింది. గుర్రంలో మార్పు లేదు.

ఈలోగా జీపుల వాళ్లందరూ కలిసి మాట చేసుకున్నారు. గుర్రం రోడ్డెక్కితే నా సరుకు మూటలు ఒక్క జీపు కూడా ఎక్కించుకోదు. గుర్రం లేకపోతే నేను ఊళ్లకు పోలేను. జీపు లేకపోతే నా సరుకు పోదు. రెండూ ఒకే రోడ్డు మీద నడిస్తేనే లైను, లేదంటే మిరపకాయలు. దసరా దగ్గర పడుతోంది.

వారపు అంగడి రోజున బస్టాండు పక్క చాయ్ హోటల్లో పంచాయితీ కూర్చుంది. ముసలాయన, ఆయన కొడుకు, మిగతా డ్రైవర్లు, నేను. పక్క బెంచీ మీద ఎడ్ల బేరాలు తెంపే దలాలి ఒకాయన సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు.

"మస్కట్ల ఒంటెలు రోడ్ల మీద తిరుగుతయి" అన్నాడు డ్రైవరు. ఏ మాటకైనా అతను మస్కట్ నుంచే మొదలుపెట్టేవాడు.

"ఒంటె అడ్డమొస్తే ఏం చేస్తరు?" అని అడిగాను.

"కారు ఆపుతరు. తగిలితే జుర్మానా."

"మరి నువ్వు గూడ ఆపు."

"ఇది ఒంటెనా సేట్?"

ఆపడం కుదరదని తేలాక బేరం దూరం మీదికి వచ్చింది. జీపు దాటిపోయేటప్పుడు గుర్రానికీ జీపుకూ నడుమ ఎంత ఎడం ఉండాలి? నేను పన్నెండు మూరలు చెప్పాను. నిజానికి ఎంత కావాలో నాకు తెలియదు. తెలియనప్పుడు ఎక్కువ చెప్పాలి. డ్రైవరు నవ్వాడు.

"రోడ్డే పన్నెండు మూరలు లేదు. ఒక మూర చాలు."

"మూరంటే నా మోచెయ్యంత. మోచెయ్యి అడ్డం పెడితే జీపు ఆగుతదా?"

"నువ్వు చేనుల నిలవడు, నేను వంద మూరలిస్త."

అరుపులు పెరిగాయి. దలాలి సాసరు కింద పెట్టాడు.

"గిట్ల పది మందిల మొత్తుకుంటే ఏ బేరం తెగుతది? పరువు కోసం ఒక్కడు దిగడు. చేతులియ్యుండ్రి" అని భుజం మీది తువ్వాల తీశాడు.

అంగడిలో ఎడ్ల బేరం తువ్వాల కిందే నడుస్తుంది. దలాలి ఒకరి తర్వాత ఒకరి చేతిని గుడ్డ కింద పట్టుకుంటాడు. పట్టిన వేళ్లే అంకెలు. చుట్టూ నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. ఎంతకు తెగిందో కొన్నవాడికి, అమ్మినవాడికి, దలాలికి తప్ప నాలుగోవాడికి చెప్పకూడదు. అది కట్టుబాటు. ఎడ్లకు అది మంచి పద్ధతే.

మాకెవరికీ తప్పుగా తోచలేదు. దలాలి నా వేళ్లు పట్టాడు, డ్రైవరు వేళ్లు పట్టాడు, మళ్లీ నావి పట్టాడు. నేను మొహం కదలనివ్వలేదు. డ్రైవరు పైకి చూస్తూ ఈలపాట అందుకున్నాడు. కొంతసేపటికి దలాలి తువ్వాల దులిపి భుజాన వేసుకుని, "తెగింది" అన్నాడు. నాలుగు మూరలకు తెగింది. నేను అనుకున్న దానికంటే ఒకటి ఎక్కువే దొరికిందని లోపల సంబరం.

ముసలాయన చాయ్ ముగించి అడిగాడు. "దాన్ని అడిగిండ్రా?"

"ఎవరిని?"

"గుర్రాన్ని."

అందరూ నవ్వారు. అందరికంటే ఎక్కువ దలాలి నవ్వాడు. ముసలాయన కూడా నవ్వాడు, నవ్వకపోతే కొడుకు చిన్నబుచ్చుకుంటాడని.

ఇంతకూ ఆ రోడ్డు మీద తిరిగే జీపులు చాలా ఉన్నాయి. ఒప్పందం ఎంతకు కుదిరిందో వాళ్లకెవరికీ తెలియదు. "ఎంతకు తెగింది సేట్?" అని అడిగితే నేను మీసం దువ్వుకునేవాణ్ని. చెబితే మాట పోతుంది. దాంతో ఎవరి అంచనా వాళ్లది. ఒకడు డ్రైవరే గెలిచి ఉంటాడనుకుని నా మోకాలిని తాకుతూ పోయేవాడు. ఇంకొకడు, సావుకారి కొడుకు బేరం చేశాడంటే ఇరవైకి తక్కువ ఉండదని లెక్కేసి, నేను కనబడగానే జీపును పక్కనున్న మెట్ట చెలకలోకి దించి అక్కడ కూరుకుపోయేవాడు. అతనే నాకు నచ్చిన డ్రైవరు. ప్రాణాలు కాపాడే కట్టుబాటును ప్రాణం పోయినా బయట పెట్టకుండా నేను దాచుకుంటున్నానని అప్పట్లో నాకు అనిపించలేదు. దాచుకోవడం వ్యాపారమని గర్వంగా ఉండేది.

ముసలాయన కొడుకు మాత్రం మాట మీద నిలబడ్డాడు. అతి గట్టిగా నిలబడ్డాడు. ఎడం తప్పుతుందేమోనని జీపు ముందు బంపరుకు, పక్కకు పొడుచుకొచ్చేలాగా, సరిగ్గా నాలుగు మూరల వెదురు బొంగు కట్టాడు. బొంగు కొస గుర్రానికి తగలకుండా పోతే మాట నిలిచినట్టు.

మరుసటి రోజు వెనక నుంచి వచ్చాడు. హారన్ కొట్టలేదు. మెల్లగానే వచ్చాడు. బొంగు కొస వచ్చి గుర్రం తొడను ముద్దు పెట్టుకున్నట్టు తాకింది. గుర్రం నడుము తిప్పి రెండు వెనక కాళ్లూ ఎత్తి తన్నింది. బొంగు రెండు ముక్కలైంది. జీపు ఎడమ హెడ్‌లైటు రోడ్డంతా చెదిరింది. నేను ఈసారి పడలేదు, దాని మెడను కరుచుకుని ఉన్నాను.

"నేను మాట తప్పలే సేట్. కొలిచి మరీ వచ్చిన."

"నేను గూడ తప్పలే."

"మరి లైటు ఎవడు పలగ్గొట్టిండు?"

ఇద్దరం గుర్రాన్ని చూశాం. అది గడ్డి మేస్తోంది. దలాలిని పిలిపిస్తే ఆయన ఇద్దరి ఖాతాలోనూ చాయ్ తాగి, "బేరం బేరమే. గుర్రం బేరంల లేదు" అని తీర్పు చెప్పి ఎడ్ల దగ్గరికి పోయాడు. నా బాధ ఇంకొకటి. ఆ బొంగును చూసి రోడ్డు మీది డ్రైవర్లందరికీ రేటు తెలిసిపోయింది.

మూటలు ఆగిపోయాయి. నాలుగు ఊళ్లలో సబ్బులు అయిపోయాయి. సబ్బులు అయిపోయిన కబురు కామారెడ్డికి చేరేసరికి, నేను గుర్రంతో జీపును కుమ్మించానని అయింది. మా బాపు చెప్పకుండా బయలుదేరాడు. నన్ను అడిగితే ఏం చెబుతానో ఆయనకు తెలుసు గనుక, ఎల్లారెడ్డిలో నా గదికి రాకుండా, ఊళ్ల దుకాణాలవాళ్లను నేరుగా అడుగుదామని జీపు ఎక్కాడు. ఎక్కింది ఒంటికన్ను జీపే. అది మిగతావాటికంటే తక్కువకు ఒప్పుకుందట.

ఆ సంగతి తెలియక నేను ఎదురుగా గుర్రం మీద వస్తున్నాను. దారిలో ఒక చెరువు కట్ట ఉంది. రోడ్డు కట్ట మీదుగానే పోతుంది. వెడల్పు ఒక బండికి సరిపోయేంత. ఒకవైపు నిండు చెరువు, ఇంకోవైపు నిలువుగా దిగితే వరి మళ్లు. నేను సగం దూరం వచ్చాను. జీపూ సగం దూరం వచ్చింది. ముందు సీట్లో గొడుగు పట్టుకుని మా బాపు.

"సేట్, వెనక్కు పో" అన్నాడు డ్రైవరు.

"నువ్వే పో. నీకు రివర్స్ గేరున్నది."

"ఎనక అద్దంల మనుషులు దప్ప రోడ్డు కనవడ్తలేదు. ఎట్ల పోవాలె?"

మా బాపు నన్ను గుర్తుపట్టాడు. కాని ఆయన జీపుకు కిరాయి ఇచ్చి ఉన్నాడు. కిరాయి ఇచ్చిన బండి తరఫున మాట్లాడడం ఆయన ధర్మం.

"గింతమంది కూసున్న బండి ఒక్క గుర్రానికి వెనక్కు పోతదా? ఏమయ్య డ్రైవరు, ఆలస్యమైతే కిరాయిల తగ్గియ్యాలె, ఇప్పుడే చెప్తున్న."

"కొడుకు మీవాడు. కిరాయి నాది తగ్గిస్తరా?"

మా బాపు ఆలోచించి మధ్యేమార్గం చెప్పాడు. "సరే, నడుమకు తెంపుండ్రి. జీపు సగం వెనక్కు పోవాలె. గుర్రం సగం వెనక్కు పోవాలె. ఇద్దరికీ న్యాయమే."

జీపులో చాలామంది తల ఊపారు. నేనూ ఊపాను. వెనక వేలాడుతున్న ఒకామె, కోళ్ల గంప నెత్తిన పెట్టుకునే, "ఇద్దరు వెనక్కు వోతే దాటేదెవరయ్యా?" అంది.

ఆ మాట అందరికీ ఎక్కేలోగా డ్రైవరుకు సహనం పోయింది. గేరు వేసి ఒక మూర ముందుకు వచ్చాడు. ఇంజన్ గట్టిగా గర్జించింది. గుర్రం నిలువునా వణికింది. ముందు కాళ్లు లేపింది. అది పక్కకు దూకితే తనకు తగలకుండా డ్రైవరు స్టీరింగు తిప్పాడు. వరి మళ్ల వైపు జీపు వెనక చక్రం కింద మట్టి జారడం నాకు గుర్రం మీది నుంచి కనబడింది, అతనికి కనబడలేదు. వేలాడుతున్నవాళ్ల కాళ్ల కింద ఏమీ లేదు. గుర్రం ఇంకొక్కసారి ఎగిరితే చాలు. అతను ఇంకొంచెం తిప్పుతాడు. గంప నెత్తిన పెట్టుకున్న ఆమె, పిల్లను ఎత్తుకున్నతను, మా బాపు, ఆయన గొడుగు, అందరూ మళ్లలోకి పోతారు.

నేను దిగాను. కళ్లెం దగ్గర పట్టుకున్నాను.

"ఇంజన్ బంద్ చెయ్యి భాయ్. చక్రం జారుతుంది. నేనే దిగిపోత."

"ఎంత దూరం దిగుతవు?" అన్నాడు, అలవాటు కొద్దీ.

"నువ్వు చెప్పినంత."

ఇంజన్ ఆగింది. చెరువు వైపు కట్ట వాలు మీదుగా గుర్రాన్ని దించాను. చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. నా నడుము దాకా నీళ్లు వచ్చేదాకా దిగి, దాని మొహాన్ని జీపు వైపు తిప్పి నిలబెట్టాను. వెనక ఏముందోనని అది మాటిమాటికీ తల తిప్పుతుంటే నాకు తోచింది అదొక్కటే. ఎదురుగా పెడితే చూసుకుంటుంది గదా అనుకున్నాను. చూసింది. చప్పుడు లేని జీపు దానికి ఒక డబ్బాలాగా కనబడిందేమో, చెవులు ముందుకు వచ్చాయి.

ఇంజన్ మళ్లీ మొదలుపెట్టడానికి డ్రైవరుకు ధైర్యం చాలలేదు. "దిగి తోయుండ్రి" అన్నాడు.

"కిరాయి ఇచ్చి తోసుడేంది?" అన్నది మా బాపే. అంటూనే దిగాడు, దిగకపోతే తన బరువు కూడా తోయాల్సిన జనం ఊరుకోరని. గొడుగు చంకలో పెట్టుకుని ఒక చేత్తో తోశాడు. పది పన్నెండు మంది ఒక జీపును, దొంగ సొత్తులాగా, ఉలుకూ పలుకూ లేకుండా నా ముందు నుంచి నెట్టుకుపోయారు. గుర్రం వాళ్లను చూస్తూ చెరువు నీళ్లు తాగింది.

సాయంత్రం మా బాపు నా గదికి వచ్చాడు. తడి పంచె ఆరేసి ఉంది. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం దీసుకున్నవు?"

"ఎందుకు?"

"దారి ఇచ్చినందుకు."

"ఏం దీసుకోలే."

"ఉత్తగనే దిగినవా?"

"ఉత్తగనే."

ఆయన మొహంలో నేను మిరపకాయల బస్తా చూశాను. నా కొడుకు ఏమీ తీసుకోకుండా ఇచ్చాడు అన్నది మా ఇంట్లో జ్వరం కంటే పెద్ద జబ్బు. కొంతసేపటికి ఆయన తల మెల్లగా ఊగడం మొదలైంది. ఆయన ఆలోచన నడిచే దారి నాకు కనబడుతూనే ఉంది. పది మంది ముందు డ్రైవరుకు మాట దక్కింది. ఇక ఆ డ్రైవరు ఈ కొడుకు మూటలు కాదనలేడు. పైగా ఇతను నోరు తెరిచి అడగలేదు.

"అడిగితే ఒకసారి ఇస్తడు" అన్నాడు మా బాపు. "అడగకపోతే రోజూ ఇస్తడు. గట్లనా?"

నేను తడి పంచెను రెండో వైపుకు తిప్పి ఆరేశాను. చక్రం కింద జారిన మట్టి గురించి చెబితే, నా తెలివి మీద ఆయనకు అప్పుడే పుట్టిన గౌరవం అక్కడే పోయేది.

"లైను నీదే" అన్నాడు. "రేపు మిగిలిన ఊళ్లు జూసి నేను పోత."

మరునాడు పొద్దున నేను గుర్రం మీద ఇంకో ఊరికి పోతున్నాను. అక్కడ రోడ్డు వెడల్పుగా ఉంటుంది. రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. దూరంగా ఒంటికన్ను జీపు ఆగి ఉంది, కదలకుండా. మాటలు వినబడేంత దగ్గరికి పోయేసరికి జనమంతా కింద ఉన్నారు. నా సరుకు మూటలు జీపు మీద ఉన్నాయి. మా బాపు జీపు ముందు నిలబడి చెయ్యి అడ్డం పెట్టాడు.

"సేటూ, రోడ్డు ఇంత పెద్దగుంది. ఇప్పుడెందుకు తోసుడు?" అని ఎవరో గొణుగుతున్నారు.

"గుర్రం వస్తుంది. ఇంజన్ స్టార్టు జెయ్యొద్దు" అన్నాడు మా బాపు.

"ఇంకా అంత దూరముంది గద."

"వచ్చినంక బంద్ జేస్తే ఏం ఫాయిద?"

డ్రైవరు నన్ను చూసి చేతులు రెండూ చూపించాడు, నేనేం చేయను అన్నట్టు. మా బాపు అంత కష్టపడి ఆపినందుకు, అక్కర లేకపోయినా నేను కూడా గుర్రాన్ని చెలకలోకి దించి, మొహం జీపు వైపు తిప్పి నిలబెట్టాను. వాళ్లు పోవాలని నేను ఆగాను. నేను పోవాలని వాళ్లు ఆగారు. ఎండ నెత్తి మీదికి వస్తోంది.

"ముందు నువ్వు పో సేట్" అన్నాడు డ్రైవరు.

"నువ్వే పో భాయ్."

మా బాపు గొడుగు విప్పాడు. "పోరాదురా" అన్నాడు, గుర్రాన్నే చూస్తూ. "జనం ఎండల నిలవడ్డరు."

నేను కళ్లెం వదులు చేశాను. గుర్రం చెలక దిగువ నుంచి రోడ్డెక్కి, మా బాపు పక్క నుంచి, జీపు పక్క నుంచి, ఏమీ జరగనట్టు నడిచిపోయింది.